హాయి గదికి, క్లోరిన్ గదికి మధ్య ఉన్న గోడ

పురపాలక కమిషనర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఉద్యోగుల ఆరోగ్యానంద పథకం – ఫిల్టర్ హౌస్‌లోని హాయి గదిని వేరే చోటికి మార్చుట – మార్చేంత వరకు తలుపు తెరిచి ఉంచుట – గురించి.

సూచిక: ఇదే విషయమై సంక్షేమ అధికారిణి గారికి నేను లోగడ పెట్టుకున్న అర్జీలు.

నీటి సరఫరా విభాగంలో జూనియర్ అసిస్టెంటుగా పనిచేయుచున్న నేను తమకు సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా:

ఈ అర్జీ పథకానికి వ్యతిరేకంగా పెట్టుకున్నది కాదు. పథకం వల్ల మాకు మేలు జరిగింది. అది రాయకుండా మిగతాది రాస్తే అబద్ధం చెప్పినట్టే. మురుగు కాలువల్లో దిగేవాళ్లకు మోకాళ్ల దాకా బూట్లు వచ్చాయి. లారీ డ్రైవర్ల నడుం నొప్పికి డాక్టరు వచ్చి చూస్తున్నారు. ఇదే విభాగంలో స్వీపరుగా ఉన్న మా అమ్మకు కళ్లద్దాలు ఇచ్చారు. అవి పెట్టుకుని ఇంటికొచ్చి నన్ను ఎగాదిగా చూసి, నీ మొహం ఇన్నాళ్లూ తోమిన పళ్లెంలా ఉందనుకున్నానే, ఇన్ని మొటిమలా అంది. ఆ రోజంతా నవ్వుకున్నాం. కాబట్టి పథకం పెట్టినవారి మీద నాకు కోపం లేదు. నా మనవి ఒక్క గది గురించి, ఆ గదిలో పొద్దస్తమానం కూర్చుంటున్న ఒక్క మనిషి గురించి. ఆ మనిషి మా అమ్మ.

1. సదరు హాయి గది ఫిల్టర్ హౌస్ వెనక వరండాలో ఉన్నది. దాని పక్కది క్లోరిన్ గది. నీళ్లలో కలిపే గ్యాస్ సిలిండర్లు అందులో ఉంటాయి, ఒక్కొక్కటి పడుకున్న మనిషంత పొడవు. రెండు గదులకూ గోడ ఒకటే. పాత గొట్టాలు పీకేసినప్పుడు పడిన కంతలు ఆ గోడకు అలాగే ఉన్నాయి. వాటి మీద ఇప్పుడు సూర్యోదయం బొమ్మ అంటించారు. విభాగం మొత్తంలో ఇంత నిశ్శబ్దమైన గది మరొకటి దొరకనందున దీనిని ఎంపిక చేసినట్టు ఉత్తర్వులో ఉన్నది. అక్కడ నిశ్శబ్దంగా ఉండటానికి కారణం, ఆ వైపు ఎవరూ పని లేకుండా వెళ్లకపోవడమే.

2. క్లోరిన్ గాలికన్నా బరువు. కారితే పైకి పోదు, కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. అందుకని దాన్ని బయటికి తోసే ఫ్యానును నేలకు దగ్గరగా పెట్టారు. ఆ ఫ్యాను చప్పుడుకు ఏకాగ్రత చెదురుతున్నదని దాన్ని ఆపించారు. హాయి గదిలో బెంచీలు లేవు, చాపలున్నాయి. ఉద్యోగులను వెల్లకిలా పడుకోబెట్టి, కళ్లు మూయించి, గుండెల నిండా గాలి పీల్చుకోమని చెబుతారు. పీల్చుకున్నది వెంటనే వదలకండి, లోపలే ఉంచండి అని కూడా చెబుతారు.

3. వెనక వరండాలో మాకొక అలవాటు ఉండేది. ఎవరు ఆ వైపు వెళ్లినా మెట్టు దగ్గర ఆగి, ఒకసారి వాసన చూసి, తర్వాతే లోపల అడుగు పెట్టేవారు. ఎవరూ అత్తరు పూసుకుని వచ్చేవారు కాదు, అక్కడ అగరొత్తి వెలిగించేవారు కాదు. క్లోరిన్ గది చూసే పెద్ద ఆపరేటర్‌ను అందరం ముక్కు బాబాయి అంటాం. కొత్తగా చేరినవాళ్లను ఆయన మొట్టమొదట ఆ మెట్టు మీద నిలబెట్టి వాసన చూపించేవాడు. నా ముక్కుకే జీతం, మిగతా ఒళ్లంతా ఊరికే వచ్చి పని చేస్తోంది అని నవ్వించేవాడు. పథకం కింద హాయి గదిలో గోడకు ఒక యంత్రం బిగించారు. అది మాటిమాటికీ బుస్సుమని పూల వాసన చిమ్ముతుంది. ఇప్పుడు వరండా మొదటి నుంచి చివరి దాకా ఒకటే పూల వాసన.

బాబాయి సంక్షేమ అధికారిణి గారి దగ్గరికి వెళ్లి గట్టిగానే మాట్లాడాడు. ఆవిడను అందరం మేడమ్ అంటాం, ఎప్పుడూ గొంతు పెంచరు. చివరిదాకా ఓపిగ్గా విని, ఆయన పేరు ఎదురుగా ఆందోళన అని రాసి, రోజూ హాయి గదిలో పడుకోవలసిందిగా సూచించారు. పడుకుంటే జీతం ఇచ్చే ఆఫీసు మనదొక్కటే అని నవ్వుకుంటూ వెళ్లాడు. కొన్ని వారాలు గడిచాక నేను ఆ మెట్టు మీద ఆగి, ఏదైనా వాసన వస్తోందా బాబాయ్ అని అడిగాను.

"వాసనేంటమ్మా, ఏమీ లేదు. ఇదివరకు అనవసరంగా భయపడేవాణ్ని. ఇప్పుడంతా హాయిగా ఉంది" అన్నాడు.

ఆయన ముక్కు చివర ఎర్రగా పుండులా ఉంది. కళ్లలో నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు. క్లోరిన్ ఎక్కడా కారడం లేదని ఇంజనీరు గారికి రోజూ చెప్పవలసినది ఇప్పటికీ ఈయనే.

4. ఆ గదిలో అందానికి కుండీల్లో మొక్కలు పెట్టారు. ఆకులు అంచుల నుంచి తెల్లబడి, వారం తిరిగేలోపు వాడిపోయాయి. మళ్లీ తెచ్చారు, మళ్లీ వాడిపోయాయి. నీళ్లు సరిగ్గా పోయడం లేదని మా అమ్మను మందలించారు. ప్రస్తుతం ప్లాస్టిక్ మొక్కలున్నాయి. నీలం పరదా గోడ వైపు సగం తెల్లబడింది. ఎండకు వెలిసిందన్నారు. ఆ గదికి కిటికీ లేదు.

5. గ్యాస్ కారితే దానంతట అదే మోగే గంట ఒకటి వరండాలో ఉండేది. ఒకనాడు అందరూ పడుకుని ఉండగా మోగింది. ఉద్యోగులు ఉలిక్కిపడ్డారని మేడమ్ గంట వైరు తీయించి, దాని బదులు హాయి గదిలో చిన్న ఎర్ర లైటు పెట్టించారు. ఎరుపు మనసుకు మంచి రంగు కాదని తర్వాత ఆ లైటు మీద పసుపు కాగితం అంటించారు. దాని మీద నవ్వుతున్న మొహం బొమ్మ ఉన్నది.

నేను ఆ కాగితం అంచు గోటితో లేపి చూశాను. లోపల లైటు వెలుగుతోంది. ఎప్పటి నుంచి వెలుగుతోందో నాకు తెలియదు. అప్పుడు గదిలో చాపల మీద రెవెన్యూ విభాగం వాళ్లు పడుకుని ఉన్నారు. కొందరు గురక పెడుతున్నారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా మేడమ్ దగ్గరికి పరుగెత్తాను.

"అది కరెంటు ఉందని చెప్పే లైటమ్మా. నీకు ఏది చూసినా ప్రమాదంగానే కనపడుతోంది. నువ్వు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయింది?" అని అడిగారు. నిజంగా బాధపడుతూనే అడిగారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు అయ్యా. చెడ్డ మనిషైతే నాకు ఇంత భయం వేసేది కాదు.

6. మా అమ్మ సంగతి. హాయి గదికి ఒక మనిషి కావలసి వస్తే, స్వీపర్లలో నెమ్మదస్తురాలని మా అమ్మను వేశారు. చాపలు పరచడం, మడవడం, యంత్రంలో పూల నీళ్లు పోయడం, తలుపు దగ్గర కుర్చీలో కూర్చోవడం ఆమె పని. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమెను కూర్చోమన్నవారు లేరు. మొదటి రోజు ఇంటికొచ్చి ఆ కుర్చీకి చేతులున్నాయని, వాటి మీద చేతులు పెట్టుకోవచ్చని నాకు చెప్పింది.

తర్వాత దగ్గు మొదలైంది. ఒకనాడు నేను ఇంటికి వెళ్లేసరికి వీధిలోకే మాడు వాసన వస్తోంది. లోపల పొయ్యి మీద పాలగిన్నె నల్లగా మాడిపోయి, వంటింటి నిండా పొగ. మా అమ్మ ఆ పొయ్యి పక్కనే కూర్చుని నా చీరకు ఊడిన అంచు కుట్టుకుంటోంది. పొయ్యి ఆపి, వాసన రాలేదా అని అడిగాను. దేని వాసనే అంది. అప్పుడు గిన్నె చూసి కంగారుపడి, నేను అనకముందే పరధ్యానంలో ఉన్నానని అంది. పరధ్యానం కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ గది వద్దు, తిరిగి ఊడ్చే పని అడుగు, కావాలంటే నేనే అర్జీ రాస్తానన్నాను. ఆమె సూది పక్కన పెట్టింది.

"నీకు కుర్చీ ఇచ్చింది నీ చదువు. నాకు ఇచ్చింది ఆ మేడమ్. నీ కుర్చీ మీద నేనెప్పుడైనా అర్జీ పెట్టానా?" అంది.

నేను ఆ మాడిన గిన్నె తీసుకుని తోమడానికి కూర్చున్నాను.

7. పథకంలో భాగంగా వారం వారం ప్రతి ఉద్యోగినీ ఎంత ఆనందంగా ఉన్నారని అడుగుతారు. తక్కువ చెప్పినవారిని హాయి గదికి పంపుతారు. గది గురించి ఫిర్యాదు చేసినవారు ఆనందంగా లేనట్టే లెక్క గనుక వారిని కూడా పంపుతారు. నా మొదటి అర్జీకి జవాబుగా నన్ను పంపారు. తర్వాతి వాటికి కూడా అదే జవాబు. నేను చాప మీద పడుకోకుండా గోడకు ఆనుకుని నిలబడి, వీలైనంత తక్కువగా ఊపిరి తీసుకున్నాను. అది చూసి నా సహకారం చాలదని రాశారు. ఇంకా కొన్నాళ్లు పెంచారు. మా అసిస్టెంట్లలో ఎవరూ ఇప్పుడు తక్కువ చెప్పరు. ఉదయం ఎదురుపడితే చాలా ఆనందంగా ఉన్నామని ఒకరికొకరు చెప్పుకుంటాం. చెప్పి, దగ్గుతాం.

తమ కార్యాలయంలో ఉత్తరాలు తీసుకునే అన్నయ్యకు ఈ అర్జీ సంగతి ముందుగా చెప్పాను. పథకం గురించి ఎవరు ఏమి రాసినా తమదాకా రాదని, తగు చర్య నిమిత్తం సంక్షేమ అధికారిణి గారికే వెళుతుందని ఆయన చెప్పాడు. అటూ ఇటూ చూసి, ఇంకేదైనా విషయం రాయి చెల్లెమ్మా, కుక్కల బెడద గురించి రాస్తే నేరుగా లోపలికి పంపిస్తాను అన్నాడు. కాబట్టి దీన్ని తమ చేతికే ఇవ్వదలచాను.

8. నెలాఖరున కుటుంబాల హాయి దినం జరుపుతున్నారు. ఉద్యోగులు భార్యను లేదా భర్తను, పిల్లలను తీసుకుని రావలెను. పిల్లలు బయటికి పరుగెత్తకుండా తలుపు బయటి నుంచి గడియ వేయాలని సూచనలున్నాయి. ఖాళీ సిలిండర్లు విప్పి నిండు సిలిండర్లు బిగించేది కూడా నెలాఖరునే. గ్యాస్ కారేది ఎప్పుడూ ఆ బిగింపులోనే. రెండూ ఒకే రోజు పడ్డాయని చెబితే, ఇంజనీరు గారు పక్క గది తన పరిధిలోకి రాదన్నారు. మేడమ్ సిలిండర్లు తన పరిధిలోకి రావన్నారు. గోడ ఎవరి పరిధిలోకి వస్తుందో నాకు ఎవరూ చెప్పలేకపోయారు.

కావున తమరు దయతో హాయి గదిని మరొక చోటికి మార్పించి, అంతవరకు ఫ్యాను తిప్పించి, గంట మోగనిచ్చి, తలుపు బార్లా తెరిపించవలెనని ప్రార్థన. మా అమ్మకు ఎక్కడైనా సరే ఒక కుర్చీ ఇప్పించగలరేమో అని కూడా అడుగుతున్నాను. ఈ చివరిది నియమాల్లో లేదని తెలుసు. ఈ అర్జీ కుర్చీలో ఉండి చిత్తగించదగినది కాదు గనుక, తమరే స్వయంగా వచ్చి, ఆ వరండా మెట్టు మీద ఒక్క నిమిషం నిలబడి, ఆపై చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
జూనియర్ అసిస్టెంటు,
నీటి సరఫరా విభాగం.

తా.క. ఈ అర్జీ తెచ్చిన రోజు తమరు క్యాంపులో ఉన్నారు. అప్పటి నుంచి నా సంచిలోనే ఉంది. ఈలోగా జరిగినది కూడా రాస్తున్నాను. దీన్ని పద్ధతి ప్రకారం రాయడం చేతకావడం లేదు, మన్నించండి.

అమ్మ దగ్గు చూడలేక మళ్లీ మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆమెను ఆ గది నుంచి తప్పించమన్నాను. గదికి ఎవరో ఒకరు ఉండాలి కదమ్మా అన్నారు. నేనుంటానన్నాను. ఆవిడ సంతోషంతో నా చెయ్యి పట్టుకున్నారు. మర్నాడే ఉత్తర్వు వచ్చింది. అమ్మ ఇప్పుడు తమ కార్యాలయం మెట్లు ఊడుస్తోంది. ఎండైనా మంచి గాలి. దగ్గు కాస్త తగ్గింది. నాతో మాట్లాడటం లేదు. కడుపున పుట్టింది నా కుర్చీ లాక్కుందని కనపడినవాళ్లందరికీ చెబుతోందట. చెప్పుకోనీ అని ఊరుకున్నాను.

లోపలికి వెళితే నా చేతుల్లో ఏదైనా ఉంటుందనుకున్నాను. ఫ్యాను మీట క్లోరిన్ గదిలో ఉంది, ఆ తాళంచెవి ఇంజనీరు గారి దగ్గర ఉంది. తలుపుకు అడ్డంగా కుర్చీ పెడితే వచ్చిన ప్రతివారూ దాన్ని జరిపి తలుపు వేసుకుంటున్నారు. సువాసన యంత్రాన్ని ఒక పూట ఆపగలిగాను. ఆ పూట ఎంత పీల్చినా నాకు ఏ వాసనా రాలేదు. గ్యాస్ లేదేమోనని సంతోషించాను. ఇంటికెళ్లి సబ్బు ముక్కుకు ఆనించి చూసుకున్నాను. ఆ వాసన కూడా రాలేదు.

నెలాఖరు దగ్గర పడింది. పిల్లల కోసం పొట్టి చాపలు వచ్చాయి. తమరు రాకపోతే ఆ రోజు పిల్లలెవరూ లోపలికి వెళ్లకుండా ఆ తలుపు నేను తెరవను. నా బదులు మరొకరిని నిలబెట్టి తెరిపించేలోపు ఎంత ఆలస్యం చేయగలిగితే అంత చేస్తాను. నా మీద ఏ చర్య తీసుకున్నా సమ్మతమే.

దీనికి జవాబు కాగితం మీద పంపకండి. మా ఇంట్లో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. తమరు కారు దిగేచోట, మెట్ల మీద, కళ్లద్దాలు పెట్టుకుని చీపురు పట్టుకున్న మనిషి ఉంటుంది. ఆమెకు నోటితో చెప్పించండి, నేను వెళ్లింది కుర్చీ కోసం కాదని.