నిండు ట్యాంకు

జనవరి, ఆదివారం. పొద్దున మంచు, తర్వాత మంచి ఎండ. ఫ్యాన్ల రెక్కలు తుడిచాను.

పక్క షాపు సుభానీ తన చేత్తో చేసిన రిమోట్ విమానం ఈ రోజు విరిగిపోయింది. దానికి పెద్ద ఇంజిను ఎంచిందీ, బ్యాలెన్స్ చూసిందీ నేనే. రెక్కల కింద వేళ్లు పెట్టి ఎత్తితే సమంగా నిలిచింది. కాని అప్పటికే ట్యాంకు నిండా ఇంధనం పోసి ఉంచాను. ఖాళీ ట్యాంకుతో చూడాల్సింది. ముక్కు వైపున్న ఇంధనం ఖర్చయ్యే కొద్దీ బరువంతా తోకకే పోతుంది.

ఉయ్యూరు దాటాక కోత అయిన చేలో ఎగరేశాడు. మొదటి పల్టీలు చక్కగా కొట్టింది. చివర్లో ముక్కు పైకి లేచి, గిరగిరా తిరుగుతూ గట్టు మీద పడింది.

“నీ ఇంజినుకేం అన్నా, గుర్రంలా ఉంది. నా చెయ్యే వణికింది,” అని నవ్వాడు. ముక్కలు సంచిలో వేసుకుంటూ, “ఇంక రిమోట్ నువ్వే పట్టుకో. నేను రెక్కలు చేసిపెడతాలే,” అన్నాడు.

నేను తల ఊపాను.

గుణదల దాకా అతని బండి వెనకే కూర్చుని వచ్చాను. హ్యాండిల్ మీద ఆ చేతులు ఎక్కడా వణకలేదు. రిమోట్ పట్టుకుని దిగాను.

రిమోట్ ఇప్పుడు నా బల్ల మీద ఉంది. దాన్ని ఛార్జింగ్ పెట్టి, రేపు షాపు తెరవగానే అతని చేతికే ఇచ్చేసి, ఆ ట్యాంకు సంగతి చెప్పాలి.