బోరు కాడ రెండు రాళ్లు

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాదైంది. నువ్వు చదువుమన్న చదువుకే భూగర్భజల శాఖల నౌకరి వచ్చింది. మొయినాబాద్ చుట్టూ బోర్లల్ల నీళ్ల లోతు కొలుస్తున్న.

ఇయ్యాల మనం అమ్ముకున్న చేను కాడికే పోయిన. ఫామ్‌హౌస్ కట్టిండ్రు గని మన బోరు అట్లనే ఉన్నది. చిన్నప్పుడు నీళ్లున్నయా లేవా అని చెరొక రాయి వేసి, పైపుకు చెవి పెడుతుంటిమి. ముందు నాది, తర్వాత నీది. బోరు పూడుస్తరా అని బాపు తిడుతుండె.

నీళ్ల లోతు కొలిచే మిషన్ దించకముందు రెండు రాళ్లు ఏరుకొని, ముందు నా రాయి వేసి పైపుకు చెవి పెట్టిన.

"ఏం చేస్తున్నరు మేడమ్?" అన్నడు ఫామ్‌హౌస్ వాచ్‌మన్.

"మా అన్న నేర్పిండు" అన్న.

నీళ్ల చప్పుడు రాలే. రాయి మీద రాయి పడ్డ చప్పుడే వచ్చింది.

మిషన్ దించినా నీళ్లు తగలలే, బోరు ఎండిందని రిపోర్టు రాసిన. నీ రాయి వెయ్య బుద్ధి కాలే, అన్నా. దాన్ని బ్యాగుల వేసుకొని ఇంటికొచ్చిన.

నీ చెల్లె