గిన్నెకు జలాభిషేకం

రెబెకా మేడం గారికి,

ముదిగుబ్బ పక్క పల్లె నుంచి నల్లప్ప నమస్కారాలు. ఫోన్లో చెప్పిన మాట గాలికి పోతాదని జాబు రాస్తాండా. మీ కాలేజీ తరఫున మా గుట్టమీద తెల్ల గిన్నె బిగించి పోతిరి. ఆ దినం నుంచి మబ్బులు ఇట్లొచ్చి అట్లే కదిరి దిక్కు పోతాండాయి. శెనిక్కాయ విత్తనం వలిచి పెట్టుకోనుండాం. వలిచినది ఎన్నాళ్లుంటాది? ఇప్పుడు వాన పడి నేల పదును కాకపోతే ఈ ఏడు చేను బీడే. మీ గిన్నె వానను తరుముతాండాదని ఊరంతా అంటాండారు. పీకేయండి.

ఇట్లు,
నల్లప్ప

తా.క.: దాని మీద కాకి గూడా వాలల్యా.

*

నల్లప్ప గారికి,

అనంతపురం నుంచి రెబెకా నమస్కారాలు. ఆ గిన్నె ఒక యాంటెన్నా. అది వానను తరమదండీ, వానే గిన్నెను సతాయిస్తుంది. మీ గుట్టమీది గిన్నె, ఎదురుగుట్ట మీది గిన్నె రోజంతా రేడియో తరంగాలతో మాట్లాడుకుంటాయి. మధ్యలో వాన పడితే చినుకులు ఆ తరంగాన్ని కొంత మింగుతాయి, కొంత చెదరగొడతాయి. సిగ్నల్ ఎంత నీరసపడితే వాన అంత గట్టిదన్నమాట. మన చినుకు లావు. చలిదేశాల తుంపరకు కట్టిన లెక్క మనకు సరిపోతుందా అన్నదే నా అనుమానం. మీకు సులువుగా చెప్పాలంటే, గిన్నె తడిసి సిగ్నల్ పడిపోయిందంటే వాన వచ్చినట్టే.

ఉంటాను,
రెబెకా

తా.క.: కాకి సంగతి నాకూ అంతుపట్టలేదు.

*

నల్లప్ప గారికి,

శుభాకాంక్షలు! నిన్న మధ్యాహ్నం మీ గుట్ట సిగ్నల్ ఒక్కసారిగా కుంగిపోయింది. కుండపోతే అయ్యుండాలి. కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. విత్తనం వేశారా?

సంతోషంతో,
రెబెకా

తా.క.: ఇక్కడ మాత్రం ఎండ కాస్తోంది. కొంచెం అనుమానంగానే ఉంది.

*

మేడం గారికి,

యాడమ్మా వాన? ఈడ దుమ్ము లేస్తాండాది. కరువొస్తే గుడిలో శివయ్యను నీళ్లలో ముంచేది మా ఆచారం. ఈసారి శివయ్య మునిగినా చినుకు రాల్లేదు. గిన్నె తడిస్తే వాన వచ్చినట్టేనని మీరే రాసిరి గదా! అందుకే మా ఇంటామె ఆంజినమ్మ నిచ్చెనెక్కింది, ఆడోళ్లంతా వరసగా బిందెలందిచ్చినారు. గిన్నెకు పసుపు గూడా పూసినాం. మేము నీళ్లు పోస్తే మీకు వాన వచ్చిందా? ఇదేం న్యాయం?

ఇట్లు,
మోసపోయిన నల్లప్ప

తా.క.: మా వాన దారి తప్పి మీ కాలేజీలో పడిందేమో, మిద్దెక్కి చూడండి.

*

నల్లప్ప గారికి,

తప్పు నాదే. కానీ ఒక మాట. వాన పడినప్పుడు సిగ్నల్ తగ్గేది ఆకాశంలో చినుకుల వల్ల ఎంత, గిన్నెకు అంటుకున్న తడి వల్ల ఎంత? ఇది ఏళ్లుగా నన్ను తినేస్తున్న ప్రశ్న. తేలాలంటే ఎండ కాస్తుండగా గిన్నె ఒక్కటే తడవాలి. అది నాకెప్పుడూ తోచలేదు, ఆంజినమ్మ చేసి చూపించింది! ఆదివారం పొద్దున ఎండలో ఇంకొక్కసారి పోస్తారా? ఇక్కడ చూస్తూ కూర్చుంటాను.

ప్రాధేయపడుతూ,
రెబెకా

తా.క.: పసుపు వద్దు. నా మాట నమ్మి విత్తనం మాత్రం వేయకండి.

*

మేడం గారికి,

అడిగినారని ఎక్కినాం. ఆంజినమ్మ బిందె ఎత్తింది, ఇంకా వంచనే లేదు, కదిరి పోయే మబ్బు వెనక్కి తిరిగింది చూడు! నిచ్చెన దిగేలోపు అందరం తడిసి ముద్ద. మీ లెక్క చెడింది, మా చేను పదునైంది. విత్తేసినాం. ఆ వాన ఎంత బిందె మహిమో, ఎంత మబ్బు మహిమో మీరే తేల్చుకోండి. గిన్నె జోలికి ఎవురొచ్చినా ఒప్పుకోం. దాని మీద కాకి గూడా వాలింది.

ఇట్లు,
నల్లప్ప

తా.క.: ఎదురుగుట్ట ఊర్లో చినుకు గూడా పడల్యా. వాళ్ల గిన్నె వాళ్ల వాననంతా మా గిన్నెకు చెప్పి పంపిచ్చిందంట. వాళ్లు మీకు జాబు రాస్తాండారు.