తడబడని ల్యాండింగ్

జూన్ 4, పొద్దున

చక్కెర డబ్బాలో కీబోర్డు మీట ఒకటి దొరికింది. జీ అక్షరం ఉన్నది. విమానం ఆటలో చక్రాలు దించేది అదే. నిన్న సాయంత్రం అన్నయ్య కీబోర్డుని వంటింటి గట్టుకేసి బాదినప్పుడు ఎగిరి పడినట్టుంది. కడిగి కిటికీలో ఆరబెట్టాను. ఎందుకో తెలియదు. పెట్టడానికి కీబోర్డే లేదు.

గట్టు కంటే ముందు అది అమ్మ మోచేతికి తగిలింది. బాగా వాచింది. ఐస్ పెట్టుకోమంటే, నీకు బస్సు తప్పిపోతుంది వెళ్ళమంది.

జూన్ 4, మధ్యాహ్నం

నేను పనిచేసే లైబ్రరీలో ఎవరూ లేరు. కౌంటర్ వెనక కూర్చుని రాస్తున్నాను.

నిన్న జరిగింది ఇది. అన్నయ్య ఆటలో రన్‌వే మీద దిగబోతున్నాడు. తెర మీద బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ కదిలేసరికి విమానం బోర్లా పడి ఉంది. మా పాత కంప్యూటర్ ఎప్పుడూ అక్కడే తడబడుతుంది. ఆకాశంలో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. నేల దగ్గరికొచ్చాక బిల్డింగులు, దీపాలు, ఆగి ఉన్న విమానాలు అన్నీ ఒక్కసారిగా చూపించాలి కదా, అప్పుడు చేతులెత్తేస్తుంది. అది చేతులెత్తేస్తే అన్నయ్య చెయ్యి లేస్తుంది. నిన్న కాలు కూడా లేచింది. కంప్యూటర్ ఇక పనికిరాదు.

అన్నయ్య పైలట్ ట్రైనింగ్‌కి సెలెక్ట్ అయ్యి మెడికల్‌లో పోయాడు. కొన్ని రంగులు సరిగ్గా తెలియవు. అప్పటినుంచి ఇంట్లోనే ఉంటున్నాడు, ఇంట్లోనే ఎగురుతున్నాడు. ఎగిరినంతసేపూ మంచివాడే. అమ్మని మేడమ్ అంటాడు, మంచినీళ్ళు అడిగి థాంక్యూ చెప్తాడు. అందుకని అమ్మ ఒకటి తేల్చుకుంది. తడబడని కంప్యూటర్ ఉంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చూడు చిట్టీ అంది.

నాకూ అది నిజమే అనిపించింది.

జూన్ 7

పరీక్షకి చదివినట్టు చదువుతున్నాను. అందరూ గ్రాఫిక్స్ కార్డు, గ్రాఫిక్స్ కార్డు అంటారు. ఈ ఆటకి అసలు ప్రాణం ప్రాసెసర్. అందులో కోర్లని పనిచేసే భాగాలు చాలా ఉన్నా, పని బరువంతా దాదాపు ఒక్క కోర్ మీదే పడుతుందట. మిగతావి ఊరికే చూస్తూ కూర్చుంటాయి. మా ఇంట్లో ఆ ఒక్క కోర్ అమ్మ.

క్యాష్ అనే లోపలి మెమరీ ఎక్కువున్న ప్రాసెసర్ తీసుకోవాలి. కావలసినవన్నీ చేతికందేంత దగ్గరలో పెట్టుకుంటుంది కాబట్టి వెతుక్కోవడానికి ఆగదు. ర్యామ్ జంటగా కొనాలి. పవర్ సప్లై విషయంలో పిసినారితనం పనికిరాదు. చల్లబరిచే కూలర్ పెద్దదై ఉండాలి. డిస్క్ ఎంత వేగంగా ఉంటే అంత మంచిది.

కొట్టే మనిషిలో ఏ భాగం మార్చాలో ఎవరూ రాయలేదు.

జూన్ 9

షాపుకి వెళ్ళాను. కాన్వెంట్‌లో సిస్టర్లు మాకు అడిగితేనే మాట్లాడమని నేర్పారు. షాపులో ఎవరూ ఏమీ అడగరు. చాలాసేపు కేబుళ్ళ వరస దగ్గర నిలబడ్డాను. చివరికి షాపాయనే జాలిపడి, ఏం కావాలమ్మా అన్నాడు. అప్పుడిక ఆగకుండా చెప్పేశాను.

ఆయన రంగురంగుల లైట్లున్న ర్యామ్ తీశాడు. లైట్లు వద్దన్నాను. లైట్లు లేకపోతే పిల్లలు మొహం ముడుచుకుంటారన్నాడు. పిల్లలకి కాదు, మా అన్నయ్యకి అన్నాను. అయితే ఆయనకి ఏ రంగు ఇష్టమో కనుక్కోమన్నాడు. నేను లైట్లు లేని పెట్టె అందుకున్నాను.

ఒక్కో పెట్టె తిప్పి తిప్పి వెనక అక్షరాలన్నీ చదువుతుంటే నవ్వాడు. పెళ్ళికొడుకుని చూసినట్టు చూస్తున్నావు, ఇంత చూస్తే ఏ సంబంధమూ కుదరదు అన్నాడు. నేను ఒక్కటే అడిగాను. దిగేటప్పుడు ఆగదు కదా? వస్తువుకి గ్యారంటీ ఇస్తానమ్మా, ఆటకి ఇవ్వను, ఆడేవాడికి అసలే ఇవ్వను అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

జూన్ 10

కంచం గోడకి తగిలింది. అమ్మకి తగల్లేదు. మంచి రోజు.

జూన్ 13

సెలవు. భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి కంప్యూటర్ కట్టాను. అన్నయ్య నా వెనకే నిలబడ్డాడు.

ప్రాసెసర్ మూల మీద చిన్న త్రికోణం ఉంటుంది. సాకెట్ మీది త్రికోణంతో కలిపి వదిలేయాలి. నొక్కకూడదు. దానంతట అదే కూర్చుంటుంది. మా ఇంట్లో బలం వాడకుండా జరిగిన పని అదొక్కటే అనుకుంటాను. తర్వాత వేడి లాగే పేస్టు, దానిమీద కూలర్. ర్యామ్ రెండువైపులా టక్కుమనేదాకా నొక్కాలి. స్క్రూ చేతిలోంచి జారినప్పుడల్లా నెత్తిన మొట్టికాయ పడింది. రెండుసార్లు నుదురు కంప్యూటర్ కేబినెట్ అంచుకి తగిలింది. కొంచెం రక్తం వచ్చింది. మదర్‌బోర్డు మీద పడకుండా తల పక్కకి తిప్పుకున్నాను.

సాయంత్రానికి వెలిగింది. ఫ్యాన్లు తిరిగాయి. అన్నయ్య గట్టిగా నవ్వి అమ్మని పిలిచాడు. రండి మేడమ్, సీటు బెల్టు పెట్టుకోండి అన్నాడు. అమ్మ నిజంగానే చీర కొంగు నడుం చుట్టూ చుట్టి చూపించింది. ముగ్గురం నవ్వాం. ఎన్నాళ్ళకో.

జూన్ 14

తన కుడిపక్క స్టూలు వేసి కూర్చోమన్నాడు. నేను కోపైలట్‌ని. రన్‌వే పక్కన నాలుగు దీపాలుంటాయి. రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపిస్తే సరైన ఎత్తులో వస్తున్నట్టు. ఎరుపు ఎక్కువైతే కిందికి పోతున్నట్టు. అన్నయ్యకి ఆ ఎరుపు పోల్చుకోవడం కష్టం. నేను చెప్పాలి.

పైన అంతా బాగుంది. మబ్బుల్లో కూనిరాగం తీశాడు. నేల దగ్గరికొచ్చేసరికి బొమ్మ ముక్కలు ముక్కలుగా కదిలింది. సరిగ్గా పాతదానిలాగే. రెడ్డా వైటా చెప్పవేమే, నోట్లో ఏం పెట్టుకున్నావ్ అన్నాడు. మూడు ఎరుపు అని చెప్పేలోపు విమానం గడ్డిలో దూసుకుపోయి ముక్కు విరిగింది.

కేబినెట్ రేకు తలుపు తీసి ఉంది. నా చెయ్యి లాగి లోపల పెట్టి తలుపు వేళ్ళ మీద మూశాడు. మోకాలితో నొక్కి పట్టుకున్నాడు. నన్ను అడిగాడు, నువ్వేం కొన్నావే, నువ్వేం చదివావే. అమ్మ వాడి కాలు పట్టుకుంది.

జూన్ 15

పెన్ను పట్టుకోవడం రావడం లేదు.

జూన్ 16

కనిపెట్టాను.

అన్నయ్య స్నానానికి వెళ్ళినప్పుడు వేడి చూశాను. ప్రాసెసర్ మరుగుతోంది. కాలిపోకుండా తనంతట తానే నెమ్మదిస్తోంది. ఆట మొదట్లో బాగుండి దిగే వేళకి తడబడడానికి కారణం అదే. కూలర్ విప్పాను. అడుగున పల్చటి ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంది. బిగించే ముందు దీన్ని తీయండి అని దాని మీదే రాసి ఉంది. క్యాష్ గురించి అంత చదివాను, ఆ ముక్క చదవలేదు. పారదర్శకంగా ఉంది, కనపడలేదు.

తీసేశాను. తుడిచి మళ్ళీ పేస్టు పెట్టి బిగించాను. వాచిన వేళ్ళతో నాలుగు స్క్రూలు.

ఎంత సంతోషమేసిందో. తప్పు నాదే. నాదైతే సరిదిద్దుకోవచ్చు. అమ్మకి చెప్తే ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది. అయితే ఇక భయం లేదన్నమాట అంది.

జూన్ 19, సాయంత్రం, ఆసుపత్రి బెంచీ

అంతా రాయాలి. తర్వాత అమ్మ మాట విని మార్చి రాస్తానేమో.

ఇవాళ మధ్యాహ్నం అన్నయ్య పెద్ద ఎయిర్‌పోర్టులో దిగాడు. వానలో. రెండు తెలుపు, రెండు ఎరుపు అని చెప్తూనే ఉన్నాను. బొమ్మ ఎక్కడా ఆగలేదు. నీళ్ళలా జారింది. చక్రాలు ఆనినచోట నీటి తుంపర లేచింది. తెర మూలన సెకనుకి ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చూపే ఫ్రేముల అంకె ఉంటుంది. అరవై. మొదటినుంచి చివరిదాకా అరవై. అయిపోయింది, ఇక మనం బతికాం అనుకున్నాను.

అమ్మ టీ గ్లాసుతో వెనక నిలబడి చూస్తోంది. ఎంత బాగా దించావు నాన్నా, అచ్చం నిజం విమానంలా ఉంది అంది.

అన్నయ్య కుర్చీ తిప్పాడు. నిజం విమానంలానా అన్నాడు, మెల్లగా. విమానం తిప్పే జాయ్‌స్టిక్‌ని ఇనుప బేసుతో సహా బల్ల మీంచి పీకాడు. మొదటి దెబ్బకి గ్లాసు పగిలింది. రెండోది అమ్మ భుజం మీద. చప్పుడు వినిపించింది, ఎండుపుల్ల విరిగినట్టు. అమ్మ పడిపోయాక కూడా కొట్టాడు. నేను తెర వైపు చూశాను. ఎందుకు చూశానో నాకు తెలుసు. ఎక్కడైనా తడబడిందేమో అని. అరవై. అమ్మ కింద పడి ఉన్నప్పుడు కూడా అరవై.

బల్ల కింద పాత కంప్యూటర్ ముక్కలున్నాయి. అందులోని పవర్ సప్లై పెట్టె చేతికొచ్చింది. ఇటుకంత ఉంటుంది, ఇటుకకంటే బరువు. రెండు చేతులతో ఎత్తి వాడి మోచేతి మీద వేశాను. మళ్ళీ వేశాను. జాయ్‌స్టిక్ వదిలేశాడు. మోకాళ్ళ మీద కూలబడి, అమ్మా అన్నాడు, చిన్నపిల్లాడిలా. నేను మూడోసారి ఎత్తాను. కొట్టాలనే ఎత్తాను.

అమ్మ నేల మీంచే వాడి వైపు జరిగింది. తగిలిందా నాన్నా అంది.

పవర్ సప్లై కింద పెట్టి అమ్మని లేపాను. ఆటోలో అమ్మ ఇంటివైపే తిరిగి చూస్తూ కూర్చుంది.

ఎక్స్‌రేలో జబ్బ ఎముక రెండుచోట్ల విరిగిందని తేలింది. ఎలా జరిగిందని డాక్టరమ్మ అడిగింది. బాత్రూంలో జారానంది అమ్మ. డాక్టరమ్మ అమ్మ మోచేతి మీద పసుపెక్కిన పాత దెబ్బని చూసింది. నా వేళ్ళు చూసింది. నన్నేమీ అడగలేదు.

అడగకుండానే మాట్లాడాను.

"జారలేదండి. మా అన్నయ్య కొట్టాడు. ఇంతకుముందు కూడా కొట్టాడు."

అమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. డాక్టరమ్మ ఫోన్ అందుకుని, పోలీస్ స్టేషన్‌కి చెప్పక తప్పదమ్మా అంది.

జూన్ 20

ఇంటికి వెళ్ళలేదు.

డాక్టరమ్మ నన్ను కూడా కూర్చోబెట్టి, ఇంకెక్కడైనా దెబ్బలున్నాయా అని అడిగింది. నుదురు, వేళ్ళు చూపించాను. ఇంకా? అంది.

ఎడమ చెవి నాకు వినపడదు. ఇంటర్ మొదటి ఏడాదిలో అన్నయ్య చెంప మీద కొట్టినప్పటి నుంచి.