పత్తి చేలో ఆసియా పిల్లలు

గురువారం, ఆదోని

ఆసియా పాఠం కోసం నెట్‌లో వెతికి, మధ్య ఆసియా మీద ఒక వీడియో ఎంచుకున్నాను. ఎండిపోయిన సముద్రం, ఇసుకలో నిలిచిపోయిన ఓడలు చూసి పిల్లలు ఆశ్చర్యపోతారనుకున్నాను. ఇవాళ కోసిగి బడిలో ఎనిమిదో తరగతికి చూపించాను. ఓడల తర్వాత పత్తి చేను వచ్చింది. నడుముకు గుడ్డ సంచులు కట్టుకుని పిల్లలు పత్తి తీస్తున్నారు. 

"మేడం, వాళ్ళు గూడా సుగ్గికి పోయినారా?" అని ఈరమ్మ అడిగింది. ఏటా వీళ్ళు ఇళ్ళకు తాళాలేసి గుంటూరు వైపు కూలికి పోవడమే సుగ్గి.

"అవునమ్మా."

"మల్లా బడికి వచ్చినారా?"

వీడియోలో అది లేదు. "వచ్చే ఉంటారు" అన్నాను.

బడి వదిలాక ఈరమ్మ తన పుస్తకాల సంచి తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. "మీ కాడనే పెట్టుకోండి మేడం. మేం ఎల్లుండి పోతాండాం." ఎప్పుడొస్తావని అడగకుండానే సంచి తీసి బీరువాలో పెట్టాను.

అన్నం తిన్నప్పటి నుంచి నెట్‌లో వీడియోలోని ఆ పిల్లల కోసమే వెతుకుతున్నాను. మ్యాపులు వస్తున్నాయి, క్విజ్‌లు వస్తున్నాయి. వాళ్ళు తర్వాత ఏమయ్యారో ఎవరూ రాయలేదు.