నా నెత్తురే కొలబద్ద

అమ్మకు నమస్కారాలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఆ మాట రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. నువ్వు, నాన్న ఎలా ఉన్నారు?

నువ్వు అడిగినవాటికి జవాబులు. కొత్త ఇంట్లో నీళ్ళు బాగానే వస్తున్నాయి. మీ అల్లుడికి దగ్గు తగ్గింది, గొణుగుడు తగ్గలేదు. ఫొటోలో అంత చిక్కిపోయావేమిటన్నావు. ఆగు, చెబుతాను. ఒక్కచోట కూర్చోలేక ఈ ఉత్తరం వంటింట్లో కొంత, గుమ్మంలో కొంత రాస్తున్నాను.

మా వార్డులో ఒక అలవాటుంది. మంచం పక్కనే వేలు గుచ్చి షుగర్ చూసే మెషిన్లను రోజుకొకటి చొప్పున పొద్దున్నే సరిచూసుకోవాలి. అందుకని షుగర్ ఎంతో ముందే తెలిసిన ఒక మందు సీసాలో ఇస్తారు. అది ఎప్పుడూ అయిపోయే ఉంటుంది. అప్పుడు నా వేలు గుచ్చుతాం. నా షుగర్ ఏనాడూ తొంభై దాటి ఎరగదు కనక, అంతకు అటూ ఇటూగా చూపిస్తే మెషిన్ మంచిదే, లేకపోతే పాడైనట్టు. "మన కొలబద్ద వచ్చిందర్రా" అని పెద్ద సిస్టర్ ఆటపట్టిస్తుంది. నాకూ కాస్త గర్వంగానే ఉండేది.

ఈమధ్య ఒక మెషిన్ మూడువందలు చూపించింది. పాడైందని చీటీ అంటించి మూలన పెట్టాను. మర్నాడు ఇంకొకటి, అదీ మూలకే. ఆ తర్వాత మూడోది. వార్డంతటికీ ఒక్కటే మిగిలి, మంచం మంచానికీ పరుగులు, రోగుల చేత చీవాట్లు. బాగుచేసే ముసలాయన వచ్చి మూడూ చూశాడు.

"వీటికేం రోగం లేదు. ఎవరి వేలు గుచ్చారో వాళ్ళని చూపించుకోమనండి" అన్నాడు.

పెద్ద సిస్టర్ నా చెయ్యి పట్టుకుని డాక్టరు గదికి లాక్కెళ్ళింది.

అవునమ్మా, నాకూ నీలాగే షుగర్. ఇంజక్షన్లు మొదలుపెట్టారు. నిజం చెప్పేస్తున్నాను, మొదటి మెషిన్ చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. దాహం, రాత్రిళ్ళు లేవడం, వదులైన బట్టలు, అన్నీ తెలిసే ఆ చీటీలు అంటించాను. భయమేసింది. నాన్నకు అప్పుడే చెప్పకు.

నీకు సూది గుచ్చుకోవడం నేర్పింది నేనే. "ఏముందమ్మా, చీమ కుట్టినట్టుంటుంది" అన్నాను. ఎందరి పొట్టలోనో గుచ్చిన ఈ చెయ్యి నా పొట్ట దగ్గరికొచ్చి ఆగిపోతోంది. నీ జవాబు వచ్చేదాకా పెద్ద సిస్టరే గుచ్చుతానంది. మొదటిసారి నువ్వెలా గుచ్చుకున్నావో రాయమ్మా. ఆరోజు నీ పక్కనే ఉన్నాను కానీ, సిరంజినే చూశాను, నీ ముఖం చూడలేదు.

ఇట్లు,
నీ చిన్నది