అక్క ఒప్పుకుందా అని అడిగారు

జూన్ 9, 2024, ఆదివారం

అక్క పోయి ఇవాళ మూడొద్దులు. చేను గట్టున విస్తరి వేసి అన్నం, ఆమెకిష్టమైన బోటి కూర, కల్లు సీసా పెట్టి అందరం దూరం జరిగాం. పోయినవాళ్లకు తీరని కోరిక ఉంటే పిట్ట ముట్టదు, విస్తరి మీద కాకి వాలదు. ముట్టలేదు. మా బావ ఐలేశం, నీ బర్రెను అమ్ముకోను తియ్యే, ముట్టు అని బతిమాలాడు. ఒక్క కాకి లేదు. ఎండ మాడ్చేస్తోంది.

అక్క కూతురు భాగ్యశ్రీ ఇక్కడే నార్కట్‌పల్లిలో, ప్రైవేట్ స్కూల్లో లెక్కల టీచర్. నోరు తిరగని పేరున్న ఏదో దీవుల దేశంలో టీచర్ ఉద్యోగం వచ్చింది. వర్క్ వీసా ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది. పోనా అమ్మా అని దవాఖానలో అడిగితే, అక్క ఔననలేదు, కాదనలేదు. అట్లాగే పోయింది. ఇప్పుడీ పిల్ల ముందుకు వచ్చింది. నేను పోనమ్మా, ముట్టు అనబోతోందని మొహం చూస్తే తెలిసింది.

నేనే ముందు అరిచాను. అక్కా, పిల్లను ఇంటర్వ్యూకు తోలిస్తం, ముట్టు అని. మోటారు రూము వెనక్కి పోయి కాకిలా కూశాను. నేను ఏ గొంతు చేసినా ఊర్లో కుక్కలే మోసపోతాయి. రెండు కాకులు దిగి విస్తరి మీద పడ్డాయి. అందరూ ఏడ్చారు. భాగ్యశ్రీ మట్టిలో కూలబడి మొక్కింది.

ఎవరూ నా వైపు చూడలేదు.

జూన్ 10

ఎవరికైనా చెప్పి నవ్వుకుందామనుకున్నాను. చెప్పబుద్ధి కాలేదు.

జూన్ 13

మా టెంట్‌హౌస్ గోదాములో ఇంటర్వ్యూ ప్రాక్టీస్. పెళ్లికొడుకును కూర్చోబెట్టే సింహాసనం మీద ఆఫీసర్ని నేను. ప్లాస్టిక్ కుర్చీలో ఆమె. ఐదో క్లాసులో బడి ఎగ్గొట్టినవాడికి టీచర్‌ను కూర్చోబెట్టి ప్రశ్నలడగడం ఎంత సుఖమో.

మా దేశంల బోరు లేదు, అంతా సముద్రమే, ఏం తాగుతవ్ అన్నాను. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన సార్, ఉప్పు నీళ్లు నన్నేం జేస్తయ్ అంది. మా పిల్లలకు లెక్కలు రాకపోతే టీచర్‌ను షార్కు చేపకు ఏస్తరు అన్నాను. జర సీదా అడుగు మామా, టైం లేదు అంది.

సీదాగానే అడిగాను. తల్లి పోయి వారమన్నా కాలేదు, ఇప్పుడే ఎందుకు పోతున్నవ్?

అమ్మనే పొమ్మన్నది సార్, అంది. తడుముకోలేదు. తర్వాత కుర్చీ దగ్గరకు లాక్కుని, పిట్ట ముట్టినప్పటి సంది భయం పోయింది మామా, లేకుంటే ఈడనే ఉందును అంది.

సింహాసనం దిగిపోయాను. షామియానాలు మడత పెట్టే పని ఉందని చెప్పాను. లేదు.

జూన్ 15

అక్క తిట్టినట్టు తిట్టడం నా పెద్ద ఐటం. బతికున్నప్పుడు ఆమె ముందే చేసి, చెప్పు విసిరేలోపు ఉరికేవాణ్ణి. ఇవాళ బావ, ఇండ్ల సప్పుడే లేదు బామ్మర్దీ, ఒక్కపారి మీ అక్క లెక్క తిట్టు అన్నాడు.

నోరు తెరిచాను. కాకి కూత వచ్చింది.

బావ నవ్వాడు. ఇంకోసారి ప్రయత్నించాను. అదే.

జూన్ 18, మంగళవారం. హైదరాబాద్.

వీసా ఆఫీసు లోపలికి నన్ను రానివ్వలేదు. ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. బయటికొచ్చేసరికి భాగ్యశ్రీ మొహంలో రక్తం లేదు.

ఆఫీసర్ ఒక ఆడమనిషట. మెత్తగానే మాట్లాడిందట. భిన్నాలు అర్థంకాని పిల్లకు ఎలా చెబుతావంటే, జొన్నరొట్టె తుంచి చూపిస్తానందట ఈమె. ఆఫీసర్ నవ్విందట. తర్వాత, నిన్నెవరైనా బలవంతంగా పంపుతున్నారా, ఇంట్లో ఒప్పుకున్నారా అని అడిగింది. బాపు ఒప్పుకున్నడు అంటే అయిపోయేది. అమ్మ ఒప్పుకున్నది అంది పిచ్చిది. ఎప్పుడు? చనిపోయిన మూడో రోజు. ఆఫీసర్ పెన్ను కింద పెట్టిందట. ఈమె పిట్ట సంగతంతా ఇంగ్లీషులో చెప్పింది. మన దగ్గర అంతకన్నా పెద్ద ఒప్పుకోలు ఏముంది మరి. చూసిందెవరంటే, మా మామ అని నా నంబర్ ఇచ్చి వచ్చింది. నాతో మాట్లాడాకే వీసా సంగతి తేలుస్తారట.

తప్పు జెప్పిన్నా మామా అంది. లేదు బిడ్డా అన్నాను. బస్సులో ఒక్క జోకు వేయలేదు. జరమొచ్చిందా అని నా నుదురు పట్టి చూసింది.

జూన్ 21

ఫోన్ వచ్చింది. బావ, భాగ్యశ్రీ నా పక్కనే ఉన్నారు. స్పీకర్ పెట్టారు. ఎవరో తర్జుమా చేసే అమ్మాయి, టీవీ తెలుగు. సాయిలు గారూ, మీ అక్కగారు ఒప్పుకున్నారా అండీ అంది.

అవునంటే అక్క పేరు మీద అబద్ధం. కాదంటే పిల్ల బతుకు ఇక్కడే ఆగిపోతుంది. భాగ్యశ్రీ నా చొక్కా చెయ్యి పట్టుకుంది. పిట్ట ముట్టింది మేడం, అందామనుకున్నాను. నోరు తెరిస్తే కూత వస్తుందేమోనని భయం. అయినా తెరిచాను.

నా నోట అక్క వచ్చింది. ఆ ముక్కు పలుకు, మాట మధ్యలో ఆ ఆయాసం. పోనియ్యుండ్రి పిల్లను, ఎన్నొద్దులు నా కొంగు పట్టుకొని ఉంటది అంది.

అది నేను అనుకున్న మాట కాదు. ఎప్పుడూ ఆమె నోట విన్న మాటా కాదు.

ఆవిడ ఎవరండీ అంది ఫోన్లో అమ్మాయి. బావ గోడకు జారి కూర్చున్నాడు. మా ఇంటి పెద్దమనిషి మేడం, అంది భాగ్యశ్రీ. చొక్కా వదల్లేదు. సరే, ఇంట్లో అభ్యంతరం లేదని రాసుకుంటున్నాం అని పెట్టేశారు.

బావ నా దవడలు పట్టి నోరు తెరిపించి లోపలికి చూశాడు.

జూలై 4

వీసా వచ్చింది. ఊరంతా పేడాలు పంచాను. ఎవరు అడిగినా ఏ గొంతూ చేయలేదు.

ఆగస్టు 11

అక్కడి నుంచి భాగ్యశ్రీ ఫోన్. పిల్లలు మంచోళ్లట. చేపల వాసన పడట్లేదట. ఇక పెట్టేస్తుందనుకున్నాను.

మామా, జర అమ్మకియ్యి ఫోను, అంది.

నోరు తెరిచి ఇచ్చాను.